చివరి తూము దగ్గర ఏం జరిగింది?

ఆయన కౌంటరు మీద రెండు మందుచీటీలు పక్కపక్కన పరిచాడు. ఒకటి ఏడాదిన్నర కిందటిది, మడతల దగ్గర చిరిగిపోయింది. రెండోది ఆ పొద్దున రాసిచ్చింది.

"అమ్మాయ్, ఇవి రెండూ నీరు తీసే బిళ్ళలేనా?"

"అవును బాబాయ్ గారూ."

"మరి అప్పుడేమో ఇది వేసుకుంటూ కొబ్బరి నీళ్లు తాగు, అరటిపండు తిను అన్నారు. ఇప్పుడు ఇంకో బిళ్ళ కలిపి, కొబ్బరి నీళ్ల జోలికి పోవద్దంటున్నారు. ఇద్దర్లో ఎవరో ఒకళ్ళు పొరపాటు పడ్డారు. ఎవరో చెప్పు."

ఎవరూ పడలేదు. పాత చీటీలో ఉన్నది ఫ్యూరోసెమైడ్. కొత్తగా కలిపింది స్పైరనోలాక్టోన్. మొదటిది ఒంట్లో చేరిన నీటితోపాటు పొటాషియాన్ని కూడా బయటికి పంపేస్తుంది, రెండోది పోనివ్వకుండా నిలుపుతుంది. అందుకే దీన్ని పొటాషియం నిలిపే నీళ్ల మాత్ర అంటారని చెప్పాను. మందుల కౌంటరు వెనక నిలబడి ఈ మాట కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. విన్నవాళ్ళు తలూపి సంచీ తీసుకుని వెళ్ళిపోతారు. ఆయన తలూపలేదు. కొమ్మమూరు కాలువ మీద తూములు చూసే లస్కరుగా పనిచేసి రిటైరైన మనిషి. నీళ్లు నిలపడం అంటే ఏమిటో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

"నిలపడం అంటే ఎక్కడ నిలుపుద్ది? దేన్ని మూస్తది?"

నా దగ్గర జవాబు లేదని అప్పుడు తెలిసింది. పేరు చూసి ఆ మాత్ర పొటాషియాన్ని చేత్తో పట్టుకుని ఆపుతుందన్నట్టే ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. నిజానికి అది పొటాషియాన్ని ముట్టుకోనైనా ముట్టుకోదు. "వచ్చేవారం రక్తపరీక్ష కాగితం తీసుకుని రండి, అప్పుడు చెబుతా" అని పంపించి, పాత పుస్తకాలు దుమ్ము దులిపాను. ఇది నూట డెబ్భై ఏళ్ల కిందటి చిక్కుముడి. దాని కొస లండన్‌లో దొరుకుతుంది.

1855లో గైస్ హాస్పిటల్ వైద్యుడు థామస్ ఆడిసన్ పదకొండు మంది రోగుల కథలతో ఒక చిన్న పుస్తకం వేశాడు. అందరిదీ దాదాపు ఒకటే తీరు. నీరసం, తిండి సహించకపోవడం, ఒళ్ళు కమిలినట్టు నల్లబడటం, చివరికి చావు. కోసి చూస్తే మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు పాడై కనిపించాయి. అప్పటిదాకా ఆ గ్రంథులు ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడే పారిస్‌లో బ్రౌన్-సెకార్ జంతువుల్లోంచి ఆ గ్రంథులు తీసేసి చూశాడు. అన్నీ చచ్చిపోయాయి. గ్రంథి లేనిదే ప్రాణం నిలవదని తేలింది. ఎందుకు నిలవదన్నది మాత్రం డెబ్భై అయిదేళ్లకు పైగా అలాగే ఉండిపోయింది.

ఆధారం రక్తంలో దొరికింది. 1930ల మొదట్లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లోబ్ ఆడిసన్ జబ్బు ఉన్నవాళ్ళ రక్తం పరీక్షించి, సోడియం బాగా తగ్గిపోయి ఉందనీ పొటాషియం పెరిగి ఉందనీ గమనించాడు. ఉప్పు ఎక్కువగా ఇస్తే రోగులు కొంత కోలుకునేవాళ్ళు. ఈ కథలో మొదటి నిజమైన ఆనవాలు ఇదేనని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ రెండు సంగతులు జంటగా కనిపిస్తాయి. ఒకటి దిగితే రెండోది ఎక్కుతోంది, తక్కెడ రెండు సిబ్బెల్లాగా. ఒకదానికి ఏదో అయిందని ఊరుకుంటే సగమే చూసినట్టు.

రెండో ఆనవాలు తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మూడున్నరేళ్ల పిల్లవాడు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చేర్చారు. వాడికి ఉప్పంటే పిచ్చి. బిస్కెట్ల మీది ఉప్పు నాకేసి బిస్కెట్లు పక్కన పెట్టేవాడు. వాడు మొట్టమొదట నేర్చుకున్న మాటల్లో ఉప్పు ఒకటి. ఇంట్లో కావలసినంత తింటూ బతికాడు. ఆసుపత్రిలో అందరు పిల్లలకు పెట్టే తిండే వాడికీ పెట్టారు. వారం తిరక్కుండానే పోయాడు. కోసి చూస్తే అడ్రినల్ గ్రంథులు పనికిరాకుండా ఉన్నాయి. విల్కిన్స్, రిక్టర్ 1940లో ఈ సంగతి ప్రచురించారు. గ్రంథులు తీసేసిన ఎలుకలు మామూలు నీళ్లు వదిలి ఉప్పునీళ్ల వైపే పోయి ప్రాణం కాపాడుకుంటాయని రిక్టర్ అంతకుముందే చూపించి ఉన్నాడు. ఆ పిల్లవాడు మారాం చేయలేదు, వాడి ఒళ్ళు మందు అడుగుతోంది. కారిపోతున్న ఉప్పును నోటితో నింపుకుంటున్నాడు.

ఉప్పు ఎటు కారిపోతోంది? మూత్రంలోకి. అంటే, కారిపోకుండా చూడమని గ్రంథి ఏదో కబురు పంపుతుండాలి. ఆ కబురును సీసాలో పట్టాలి. ఇక్కడే శాస్త్రజ్ఞులు కొన్నేళ్లు తప్పుదారి పట్టారు. బాసెల్‌లో రైక్‌స్టైన్, అమెరికాలోని మేయో క్లినిక్‌లో కెండల్ గ్రంథి రసాన్ని ఒక్కొక్కటిగా విడగొడుతూ పోయారు. కార్టిసోన్ దొరికింది, దానికి 1950లో నోబెల్ వచ్చింది. కానీ తెలిసిన స్ఫటికాలన్నీ తీసేశాక అడుగున మిగిలిన జిగురు ముద్దకే ఉప్పును నిలిపే బలం ఎక్కువగా ఉండేది. మజ్జిగ చిలికి వెన్న తీసేశాం అనుకుంటే, అసలు వెన్న ఇంకా కుండలోనే ఉందన్నమాట.

ఆ ముద్దలోంచి దొంగను బయటికి లాగినవాళ్ళు లండన్‌లోని మిడిల్‌సెక్స్ హాస్పిటల్ మెడికల్ స్కూల్లో పనిచేసే సిల్వియా సింప్సన్, జేమ్స్ టేట్. వీళ్ళు వాడిన ఎత్తు కాస్త దగ్గరగా చూడాలి. అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలకు రేడియోధార్మిక సోడియం, రేడియోధార్మిక పొటాషియం రెండూ ఎక్కించేవాళ్ళు. తర్వాత పరీక్షించదలచిన రసం. ఆపైన మూత్రం పట్టి అందులో సోడియం ఎంత, పొటాషియం ఎంత అని కాకుండా, ఒకదానితో ఒకటి పోల్చి నిష్పత్తి లెక్క కట్టేవాళ్ళు. సోడియం తగ్గి పొటాషియం పెరిగితే అసలు పదార్థం ఉన్నట్టు. తాత్సారం చేయడానికి లేదు. ఆ సోడియం పదిహేను గంటల్లో, పొటాషియం పన్నెండున్నర గంటల్లో సగానికి సగం కరిగిపోతాయి. దొంగ కూడా తక్కువవాడు కాడు. రసాన్ని కాగితం మీద పాకించి విడగొట్టినప్పుడు కార్టిసోన్ నిలిచిన చోటే నిలిచాడు. అందుకే అంతకాలం కార్టిసోన్ చాటున దాక్కోగలిగాడు. వేరే ద్రావకాలతో మళ్ళీ పాకిస్తే విడిపోయాడు.

1953లో రైక్‌స్టైన్ బృందంతో, సీబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులతో కలిసి దాన్ని స్ఫటికంగా తీశారు. అర టన్ను పశువుల అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చింది 21 మిల్లీగ్రాములు. మన కౌంటర్లో ఇచ్చే స్పైరనోలాక్టోన్ బిళ్ళలో మందు 25 మిల్లీగ్రాములు. పోల్చి చూసుకోండి. మొదట ఎలక్ట్రోకార్టిన్ అన్నారు, నిర్మాణం తేలాక ఆల్డోస్టిరోన్ అయింది. సింప్సన్, టేట్ తర్వాత పెళ్ళి చేసుకున్నారు. అది మన కథలోకి రాదు, అయినా చెప్పాలనిపించింది.

కబురు దొరికింది. కబురు మితిమీరితే? దీని జవాబు అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో జెరోమ్ కాన్ దగ్గరికి నడిచొచ్చింది. నడిచొచ్చింది అనడం కూడా తప్పేమో. ముప్ఫై నాలుగేళ్ల ఒకామెకు ఏడేళ్లుగా ఉన్నట్టుండి కండరాలు బిగుసుకుపోవడం, కాళ్ళు చచ్చుబడటం. బీపీ ఎక్కువ. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా తక్కువ. ఆడిసన్ రోగి ఫోటోను తలకిందులు చేసినట్టుంది. కాన్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో వేడి ప్రాంతాల్లో సైనికుల చెమట మీద పనిచేశాడు. ఎండకు అలవాటు పడినకొద్దీ చెమటలో ఉప్పు తగ్గుతుందనీ, దాని వెనక అడ్రినల్ హస్తం ఉందనీ అప్పుడే అనుమానించాడు. ఆమె చెమట చూస్తే ఉప్పు చాలా తక్కువ. ఇంకేం కావాలి? 1954 అక్టోబరులో, కోసి చూడకముందే, ఇది ఆల్డోస్టిరోన్ మితిమీరిన కొత్త జబ్బు అని సభలో ప్రకటించేశాడు. డిసెంబరులో ఆపరేషన్ చేస్తే అడ్రినల్ మీద నాలుగు సెంటీమీటర్ల గడ్డ దొరికింది. తీసేశాక ఆమె కోలుకుంది. తప్పయితే ఆ పెద్దమనిషి పరువేం కాను అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఈలోగా రాబర్ట్ బెర్లినర్ మూత్రపిండంలో మరో ముడి విప్పాడు. పొటాషియం వడపోతలో మిగిలి బయటికి పోయేది కాదు, నాళం గోడే దాన్ని మూత్రంలోకి వదులుతుంది, సోడియం లోపలికి రావడానికీ ఇది బయటికి పోవడానికీ లంకె ఉంది అని.

ఇక మన మాత్ర. షికాగో దగ్గర సెర్ల్ అనే కంపెనీ. గర్భనిరోధక మాత్రతో పేరు పొందినది ఇదే. ప్రొజెస్టిరోన్ లాంటి పదార్థాలు అక్కడ కుప్పలుగా ఉండేవి. ప్రొజెస్టిరోన్ ఇస్తే మనుషుల మూత్రంలో సోడియం పెరుగుతుందని లాండౌ 1955లో చూపించాడు. ఆ తీగ పట్టుకుని సెల్లా, కాగావా, వాళ్ళ సహచరులు ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకునే స్టిరాయిడ్లు తయారుచేసి 1957లో ప్రకటించారు. వాటిలోంచి వచ్చిందే స్పైరనోలాక్టోన్. అన్నిటికంటే నాకు నచ్చిన ఆనవాలు ఇందులోనే ఉంది. గ్రంథులు తీసేసిన ఎలుకకు ఊరికే ఈ మందు ఇస్తే ఏమీ జరగదు. ఆ హార్మోన్ కూడా ఇస్తేనే దీని ప్రతాపం కనిపిస్తుంది. అంటే ఇది మూత్రపిండం మీద నేరుగా చేయి చేసుకోదు. కబురు వచ్చి కూర్చునే కుర్చీలో ముందే వెళ్ళి కూర్చుంటుంది, అంతే. ఎవరూ రాకపోతే కుర్చీ పట్టుకుని కూర్చున్నా ఒరిగేదేం లేదు. ప్రొజెస్టిరోన్ వంశం కాబట్టి అప్పుడప్పుడూ పక్క కుర్చీల్లో కూడా కూర్చుంటుంది. కొందరు మగవాళ్ళకు రొమ్ములు వాచి నొప్పి పుట్టేది అందుకే. సిగ్గుపడి చెప్పరు. మనమే ముందుగా అడగాలి.

ఇంత తెలిశాక కూడా సోడియం లోపలికి వచ్చే తలుపు ఏదో, కబురు కూర్చునే కుర్చీ ఏదో విడివిడిగా రుజువు కాలేదు. 1963లో నాష్‌విల్‌లో గ్రాంట్ లిడిల్ దగ్గరికి పదహారేళ్ల అమ్మాయి వచ్చింది. బీపీ ఎక్కువ, పొటాషియం తక్కువ, అచ్చం కాన్ జబ్బే. తోబుట్టువులకూ అదే. గడ్డ కోసం వెతకబోతే ఆల్డోస్టిరోన్ దాదాపు లేనే లేదు! స్పైరనోలాక్టోన్ ఇస్తే ఫలితం సున్నా. లిడిల్ ఇంకో కొత్త మందు, ట్రయామ్‌టెరీన్ ఇచ్చి ఉప్పు తగ్గించాడు. పొటాషియం పెరిగింది, బీపీ దిగింది. కబురు లేదు, కుర్చీ ఖాళీ, అయినా తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. కుర్చీలో కూర్చునే మందు ఓడింది, తలుపు సందులో మేకు దిగ్గొట్టే మందు గెలిచింది. పొటాషియం నిలిపే మాత్రలు రెండు జాతులని ఆ ఒక్క కుటుంబం తేల్చేసింది. ఆ మేకు జాతిలోనిదే తర్వాత వచ్చిన అమిలోరైడ్. కొన్నేళ్లకు ఆ అమ్మాయి మూత్రపిండాలు చెడిపోయి 1989లో వేరొకరి మూత్రపిండం పెట్టారు. జబ్బు మాయమైంది. తప్పు రక్తంలో లేదు, గ్రంథిలో లేదు, ఆ నాళం గోడలోనే ఉందన్నమాట. 1990ల మొదట్లో లొజాన్‌లో రోసియే, కనెసా బృందం ఆ సోడియం తలుపు జన్యువులను పట్టుకుంది. 1994లో లిడిల్ జబ్బుకు మూలం ఆ తలుపు జన్యువులోనే దొరికింది. అరిగిన తలుపును కణం వెనక్కి లాక్కుని పారేయడానికి ఓ తోక ఉంటుంది. ఈ కుటుంబంలో అది తెగిపోయింది. పీకేవాడు లేక తలుపులు పోగుపడ్డాయి.

వారం తర్వాత బాబాయ్ గారు వచ్చారు. నేను కాగితం మీద మూత్రపిండం బొమ్మ గీయబోతే ఆయన పెన్ను లాక్కుని పొడవాటి గీత గీశాడు. "కాలవ అనుకో."

సరే, కాలువే. రోజంతా మూత్రపిండాల్లో వడపోతకు దిగే నీరు 180 లీటర్లు. అందులో కరిగి ఉన్న సోడియాన్ని ఉప్పుగా లెక్కిస్తే కిలోన్నర దాకా ఉంటుంది. పొలం మన రక్తం. కాలువకు దారిపొడవునా తూములు, వాటిలోంచి ఉప్పు తిరిగి పొలానికి వస్తుంది. నూటికి తొంభై ఏడు వంతులు మధ్యలోనే వచ్చేస్తాయి. మిగిలిన రెండు మూడు వంతులు కాలువ చివర, ఆఖరి తూముల దగ్గరికి చేరతాయి. దాటితే మురుగు కాలువే.

"చివరి తూము దగ్గరేగా గొడవలన్నీ" అన్నాడాయన.

అక్కడే. ఆ తూము నుంచి సోడియం లోపలికి వస్తుంది. సోడియంది ధనావేశం. అది లోపలికి పోయినకొద్దీ కాలువ వైపు ఋణావేశం మిగులుతుంది. ఆ లాగుడుకి, గోడ కణాల్లో నిండుగా ఉన్న పొటాషియం పక్క సందులోంచి కాలువలోకి జారిపోతుంది. ఎన్ని తూములు ఉండాలో చెప్పే ఆర్డరు ఆల్డోస్టిరోన్. గుండె పంపింగ్ తగ్గితే, ఒంట్లో నీళ్లు చాలడం లేదని పొరబడి శరీరం ఆర్డరు మీద ఆర్డరు పంపిస్తుంది. కాళ్ళు వాచేది అందుకే.

"పాత బిళ్ళ?"

అది కాలువ నడుమ పెద్ద తూము మూసేస్తుంది. నీరు బాగా పోతుంది, కాళ్ళ వాపు తీస్తుంది. కానీ మధ్యలో ఆగాల్సిన ఉప్పంతా కొట్టుకొచ్చి చివరి తూము మీద పడుతుంది. అక్కడ లోపలికి వెళ్ళే సోడియం ఎక్కువ, దానికి బదులు బయటికి పోయే పొటాషియమూ ఎక్కువ. అందుకే కొబ్బరి నీళ్లు. కొత్త బిళ్ళ ఆర్డరు అందుకునే కుర్చీలో కూర్చుంటుంది. కొత్త తూములు పడవు. సోడియం రాదు, పొటాషియానికి పోయే పని ఉండదు. దాన్ని ఎవరూ ఆపలేదు, లాగేవాళ్ళు లేక ఉండిపోయింది.

ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి ఇప్పుడున్న తూములు?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఉన్నవి అరిగి పోయేదాకా ఉంటాయి. అందుకే ఇది పని మొదలుపెట్టడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అమిలోరైడ్‌ది నేరుగా తూములో మేకు కాబట్టి గంటల్లో పని. మూడో రోజుకీ ఏం తేడా లేదని మాత్ర మానేసి వచ్చేవాళ్ళను నేను చాలామందిని చూశాను. చెప్పాల్సింది చెప్పనందుకు తప్పు నాదే.

ఇంకొకటి కూడా చెప్పాను, కాస్త భయపెట్టేట్టే. 1999లో బెర్ట్రమ్ పిట్ నాయకత్వంలో 1663 మంది గుండె బలహీనుల మీద జరిగిన పెద్ద పరీక్షలో రోజుకు 25 మిల్లీగ్రాముల ఈ బిళ్ళతో చావులు 30 శాతం తగ్గాయి. గొప్ప కబురు. కెనడాలోని ఒంటారియోలో వైద్యులు విరివిగా రాశారు. పరీక్షలో ఎంచుకున్న రోగులు వేరు, బయట మూత్రపిండాలు నీరసించిన ముసలివాళ్ళు వేరు. రక్తపరీక్షలు కూడా అంత శ్రద్ధగా చేసేవాళ్ళు కాదు. పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్ళు వెయ్యికి 2.4 నుంచి 11కి ఎగబాకారని జుర్లింక్ బృందం 2004లో లెక్కతేల్చింది. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది, చాలాసార్లు ముందు చెప్పదు. "అందుకే బాబాయ్ గారూ, ఆ రక్తపరీక్ష. మోకాళ్ళ నొప్పికి కొట్లో కొనే బిళ్ళ కూడా అడగకుండా వేసుకోకండి, అది మూత్రపిండాన్ని నొక్కి పొటాషియాన్ని ఇంకా పెంచుతుంది."

ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలో అరటిపండంత పొటాషియం ఉంటుంది. చివరి తూము తెరిచి ఉన్నప్పుడు మందులాంటిది, మూసినప్పుడు బరువు. రెండు చీటీలూ కరక్టే.

మధ్యలో మా ఊరి మాట ఒకటి. దగ్గుకు అతిమధురం వేరు నమిలే అలవాటు మనవాళ్ళకు ఉంది. 1940ల్లో నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే వైద్యుడు కడుపు పుండుకు దాని రసం ఇస్తే పుండు తగ్గింది, కానీ కొందరి ఒళ్ళు నీరు పట్టింది. ఆ వేరు ఒక కాపలాదారుడిని నిద్రపుచ్చుతుంది. దాంతో కార్టిసోల్ అనే మరో హార్మోన్ వెళ్ళి ఆల్డోస్టిరోన్ కుర్చీలో కూర్చుని అదే ఆర్డరు జారీ చేస్తుంది. రోజూ నమిలితే బీపీ ఎక్కుతుంది, పొటాషియం పడుతుంది. మందుల జాబితా అడిగినప్పుడు ఎవరూ దీన్ని చెప్పరు, ఇది మందు కాదుగా!

బాబాయ్ గారు అది నమలడం లేదన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చాడు. చేతి సంచీలోంచి ఉప్పు పొట్లం తీసి కౌంటరు మీద పెట్టాడు. పైన పెద్దక్షరాల్లో సోడియం తక్కువ అని ఉంది.

"ఉప్పు తగ్గించమన్నారుగా, మా కోడలు ఆరోగ్యానికి మంచిదని దీన్ని తెచ్చింది. సోడియం తీసేసి దాని బదులు ఏం పోశారో, కొంచెం కళ్ళద్దాలు పెట్టుకుని చదివి పెట్టు."

వెనకవైపు చిన్న అక్షరాలు. పొటాషియం క్లోరైడ్.

ఆయన పొట్లం నా చేతిలోంచి తీసుకుని, మూతి బిగించి చుట్టి, సంచీలో అడుగున పెట్టాడు. "కోడలికి చెప్పను, పాపం బాధపడుద్ది. కొట్టోడికే తిరిగిచ్చి మామూలు ఉప్పు తీసుకుంటా" అన్నాడు.

"మామూలుది కూడా చెంచా తగ్గించండి" అన్నాను.

"అదెట్టాగూ తప్పదుగా" అంటూ మెట్లు దిగాడు.